తిరునిన్రవూరులో ఆగని బండి

మా ఇంటి దగ్గరి సూపర్ మార్కెట్లో తరిగిన బీన్స్ అమ్ముతారు. ట్రేలో సర్ది, పైన పలుచటి ప్లాస్టిక్ కప్పి, ధర చీటీ అంటించి పెడతారు. నేను కొంటాను. ఉద్యోగాలు చేసుకునేవాళ్ళకు అది సుఖమే, తప్పు పట్టను. కానీ ఆ ప్లాస్టిక్ చించగానే పచ్చి బీన్స్ వాసన ముఖానికి కొడుతుంది. వంటగదిలో నిలబడి ఉండగానే నాకు తొమ్మిదేళ్ళు. తిరువళ్ళూరు నుంచి తిరుత్తణికి వెళ్ళే సాయంత్రం లోకల్ బండిలో, ఆడవాళ్ళ పెట్టెలో, అమ్మ పక్కన కూర్చుని ఉంటాను.

అమ్మ తిరువళ్ళూరులో ఒక ఆఫీసులో టైపిస్టు. నన్నూ అక్కడి బడిలోనే చేర్పించింది గనుక రోజూ పోనూ రానూ ఆ పెట్టెలోనే మా కాపురం. సాయంత్రాలు స్టేషన్ బయట కొన్న కూరగాయలను ఒళ్ళో పాత పేపరు పరుచుకుని తరిగేవాళ్ళు, చిన్నుల్లిపాయలు ఒలిచేవాళ్ళు, అరక్కోణం వచ్చేసరికి రాత్రి వంటకు సగం పని అయిపోయేది. పొద్దున్నే అయితే తడిగుడ్డలో మల్లెల వాసన, కొబ్బరినూనె రాసిన తలల వాసన, ఎవరి డబ్బాలోంచో నిమ్మకాయ సేమియా వాసన. మార్గళి నెల చలికి కిటికీ ఊచలు చల్లగా చెంపకు తగిలేవి. ఆడి నెలలో తిరువాలంగాడు పొలాల దుమ్మంతా లోపలికే వచ్చేది, ఆడికృత్తిక పండగకు తిరుత్తణి మురుగన్ కొండకు కావళ్ళు మోసే భక్తులతో విభూతి వాసన కూడా వచ్చి చేరేది. పిల్లలం కింద కూర్చుని అచ్చంగాయలు ఆడితే బండి కుదుపుకు రాళ్ళు దొర్లి పెద్దవాళ్ళ కాళ్ళ మధ్యకు పోయేవి. తెలుగు అక్షరాలు నేను బడిలో నేర్చుకోలేదు. అమ్మ ఆ బండిలోనే ఒక పాత వారపత్రిక పట్టుకుని నేర్పింది.

ఆ పెట్టెలో అందరికీ అన్నిటి మీదా అభిప్రాయాలుండేవి. అందరికంటే గట్టి గొంతు రాజమ్మత్తది. తిరుత్తణి నుంచి పూలు తెచ్చి, దారి పొడుగునా కట్టి, తిరువళ్ళూరు గుడి వీధిలో అమ్మేది. ఇంటింటికీ టీవీ ఇస్తామని చెప్పిన ఎన్నికలప్పుడు ఆమె వేళ్ళు పూలు కడుతూనే ఉన్నాయి, నోరు మాత్రం ఆగలేదు.

"టీవీ ఇస్తారంట! కరెంటు యాడుండాది మా ఈదిలో? పొద్దుగూకితే పోతాది."

"అయితే నువ్వు తీసుకోవా అత్తా?" అని కస్తూరక్క అడిగింది.

"ఎందుకు తీసుకోను? నేను వద్దంటే పక్కింటోళ్ళు రెండు పెట్టుకుంటారు!"

కస్తూరక్క తిరువళ్ళూరులో ఒక బట్టల కొట్లో చీరలు చూపించే పని చేసేది. పొద్దంతా నిలబడే ఉండాలి కాబట్టి బండి ఎక్కగానే ఎవరో ఒకరు జరిగి చోటిచ్చేవాళ్ళు. "నిన్న ఒకామె నలభై చీరలు విప్పించి, మళ్ళీ వస్తా పాపా అని పోయినాది," అనేది నవ్వుతూ. "కొనేదానికి రారక్కా, చూసేదానికి వస్తారు. చూడనీలే. నేను గూడా చూడ్డానికే గదా ఆడ నిలబడేది."

ఆమె పుట్టిల్లు తిరునిన్రవూరు. తిరుత్తణిలో షేర్ ఆటో నడిపే అబ్బాయిని ఇష్టపడి పెళ్ళి చేసుకుంది. గడప తొక్కొద్దని తండ్రి అన్నాడు. మూడేళ్ళు ఆ ఇంటినుంచి కబురు లేదు. ఆమెకు నెలలు నిండుతున్నప్పుడు పెట్టెలో అందరికీ ఒకటే దిగులు పట్టుకుంది. మా వైపు కడుపుతో ఉన్న పిల్లకు పుట్టింటివాళ్ళు చేతి నిండా గాజులు వేస్తారు. దాన్ని తమిళంలో వళైకాప్పు అంటారు, ఇళ్ళల్లో మేమూ అదే మాట అంటాం. కస్తూరక్కకు ఎవరు వేస్తారు?

"పుట్టింటోళ్ళు లేకుంటే ఏం? పెట్టె నిండా ఉండాం గదా," అని రాజమ్మత్త తేల్చేసింది. "వచ్చే శుక్రవారం బండ్లోనే చేసేస్తాం."

మర్నాడు ఆఫీసు అయ్యాక అమ్మ నన్ను తీసుకుని తిరుత్తణి బండి కాకుండా ఎదురు బండి ఎక్కింది. తిరునిన్రవూరులో దిగి, అడుగుతూ అడుగుతూ ఆ ఇంటి వీధికి వెళ్ళాం. కస్తూరక్క వాళ్ళమ్మ కుళాయి దగ్గర బిందె పట్టుకుంటూ కనిపించింది. అమ్మ మెల్లగా విషయం చెప్పింది. బిందె నిండి నీళ్ళు పొర్లుతున్నా ఆవిడ కుళాయి కట్టేయలేదు.

"యే బండి?" అంది చివరికి.

అమ్మ శుక్రవారం పొద్దున బండి టైము చెప్పింది.

"ఎన్నో పెట్టె?"

"నడిమి పెట్టెమ్మా. ఆడోళ్ళది."

ఆవిడ బిందె ఎత్తుకుని లోపలికి పోయింది. వస్తానని అనలేదు. అందుకే అమ్మ కస్తూరక్కకు ఈ సంగతి చెప్పలేదు, రాజమ్మత్తకు మాత్రం చెప్పింది. తిరునిన్రవూరు పెరుమాళ్ గుడిలో అమ్మవారికి మొక్కు ఉందనీ, శుక్రవారం కొట్టుకు సెలవు పెట్టమనీ రాజమ్మత్త కస్తూరక్కను ఒప్పించింది. "ఆ ఊళ్ళో మా నాయన చూస్తే?" అని ఆమె భయపడితే, "దేవుణ్ణి చూసేదానికి మీ నాయన పర్మిషనా?" అంది.

శుక్రవారం కస్తూరక్క కొట్లో కట్టే చీర కాకుండా పెళ్ళిచీర కట్టుకుని వచ్చింది. బుగ్గలకు పసుపు రాశారు, తలలో రాజమ్మత్త పూలు నింపింది. ఒక్కొక్కరూ వచ్చి ఎరుపూ పచ్చా గాజులు వేశారు. డబ్బాలు తెరిస్తే చింతపండు పులిహోర, నిమ్మకాయ అన్నం, పెరుగన్నం. తమిళంలో ఒక పాట, తెలుగులో ఒక పాట, పెట్టె దద్దరిల్లింది. ఆ గోలలోనే తప్పు జరిగిపోయింది. బండి ఆలస్యమైనందున ఇక తిరునిన్రవూరు దాటి ఆవడి దాకా ఎక్కడా ఆగదని తిరువళ్ళూరు స్టేషన్లో మైకులో చెప్పారట. తిరువళ్ళూరులో దిగకుండా గుడికని కూర్చున్న మాలో ఒక్కరికీ వినపడలేదు.

తిరునిన్రవూరు దగ్గర పడుతుంటే బండి నెమ్మదించలేదు. అమ్మ లేచి తలుపు దగ్గరికి పోయింది. ప్లాట్‌ఫారం మీద, సరిగ్గా నడిమి పెట్టె ఆగే చోట, గుడ్డ కప్పిన పళ్ళెం రెండు చేతులతో పట్టుకుని ఒకామె నిలబడి ఉంది. రెండు క్షణాలు. అంతే.

"మాయమ్మ," అంది కస్తూరక్క. కిటికీ ఊచలు పట్టుకుని అలాగే ఉండిపోయింది.

ఆవడిలో దిగి, నిండు మనిషిని వంతెన ఎక్కించి దించి, తిరుగు బండి కోసం అరగంటకు పైగా నిలబడ్డాం. "పోయుంటాదక్కా," అంటూనే ఉంది కస్తూరక్క. "మా నాయనకు తెలిసేలోపల ఇంటికి పోవాల గదా. పోయుంటాది." అమ్మ ఆమె చెయ్యి వదల్లేదు, ఉంటుందనీ అనలేదు.

బండి తిరునిన్రవూరులో ఈ తడవ ఆగింది. ఆవిడ ఉంది. ఇందాక నిలబడిన చోట కాదు, పట్టాలు దాటి, తిరుగు బండ్లు ఆగే ప్లాట్‌ఫారం మీదికి వచ్చి, పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని నేల మీద కూర్చుని ఉంది.

"ఎట్ల తెలిసెమా నీకు?" అంది కస్తూరక్క.

"అట్ల పోయినోళ్ళు ఇట్లనే గదా రావాల. కూసో, కాళ్ళు వాసినాయి చూడు."

గాజులకు చేతిమీద చోటు లేదు. ఆవిడ మావాళ్ళు వేసిన గాజులను పగలకుండా పైకి జరిపి, తనవి మణికట్టు దగ్గర వేసింది. పులిహోర ముద్ద కలిపి కూతురి నోట్లో పెట్టింది. తర్వాత అమ్మ వైపు తిరిగి, "ఈ పాప కడుపులో ఉన్నప్పుడు నీకెవురమ్మా వేసింది?" అని అడిగింది.

"మాయమ్మ అప్పటికే పోయినాదమ్మా. ఎవురూ వెయ్యలా," అంది అమ్మ.

ఆవిడ అమ్మ చెయ్యి లాక్కుని రెండు పచ్చ గాజులు వేసింది. ఆ గాజులు చాలా ఏళ్ళు అమ్మ చేతికే ఉన్నాయి.

ఇప్పుడు ఆ పెట్టెలో కూరగాయలు తరిగేవాళ్ళు లేరు. అందరి చెవుల్లోనూ వైర్లు, ఎవరి అభిప్రాయాలు వాళ్ళ ఫోన్లోనే. రాజమ్మత్త లేదు. అమ్మ పోయి ఏడాది కావస్తోంది. బండి ఆగదని ఇప్పుడైతే ఒక్క ఫోన్‌తో తెలిసిపోయేది, కస్తూరక్క వాళ్ళమ్మ ఇంటికి వెళ్ళిపోయి ఉండేది. ఫోన్లు వద్దని నేను అనను. అమ్మ తిరుత్తణి ఆసుపత్రిలో ఉన్నప్పుడు నాకు గంటగంటకూ అన్నీ తెలుస్తూనే ఉండేవి. చివరి రోజు సాయంత్రం ఫోన్లో ఆమే మాట్లాడింది. "బాగుండాను. బండ్లో జనం ఉంటారు, రేపు రా," అంది. గొంతు విన్నాను గనుక ఆగిపోయాను. పొద్దున నేను చేరేసరికి మంచం ఖాళీగా ఉంది.

పక్క మంచం ఆవిడ చెప్పింది, అమ్మ నర్సును పిలిచి తల దువ్వించుకుందట. మా పాప పొద్దున బండికి వస్తాది అని చెప్పి.