ఆటో నిండేదాకా లెక్కల క్లాసు

అది 2010. నారాయణఖేడ్‌లోని మా హైస్కూల్లో ఆదివారం కూడా గంట మోగేది. చదువు మధ్యలో ఆగిపోయిన పెద్దవాళ్ల కోసం అక్కడ ఓపెన్ టెన్త్ స్టడీ సెంటర్ నడిచేది. సెంటర్ అంటే పెద్ద హంగామా ఏమీ ఊహించుకోకండి. రెండు గదులు, కొందరు టీచర్లు, వారానికి ఒక పూట పాఠాలు, అంతే. మిగతా రోజుల్లో పిల్లలకు లెక్కలు చెప్పే నేను ఆదివారం ఆ సెంటర్‌కు కోఆర్డినేటర్‌ని. దరఖాస్తులు తీసుకోవడం దగ్గర్నుంచి గదులకు తాళాలు వేయడం దాకా అన్నీ నా నెత్తిమీదే.

నా సంగతి ముందే చెప్పేస్తాను. లెక్కలు లేని పదో తరగతి నా దృష్టిలో పదో తరగతే కాదు. అప్పట్లో మామూలు టెన్త్ సిలబస్‌లో మ్యాట్రిక్స్ ఉండేవి, అంటే అంకెల్ని అడ్డం, నిలువు వరసల్లో పేర్చి చేసే లెక్కలు. లీనియర్ ప్రోగ్రామింగ్ ఉండేది, అంటే ఉన్న సరుకుతో ఎక్కువ లాభం ఎట్లా వస్తుందో గ్రాఫు గీసి తేల్చడం. ఇవి రాకపోతే మనిషి బతకలేడా అని మా సోషల్ సారు స్టాఫ్‌రూంలో రోజూ గొడవకు దిగేవాడు. బతుకుతాడు కానీ ఆలోచించడం రాదు అని నేను ఆయన నోరు మూయించేవాణ్ని. ఆ వాదనలో నేను ఏనాడూ తగ్గింది లేదు.

ఓపెన్ టెన్త్‌లో మాత్రం సబ్జెక్టులు మనమే ఎంచుకోవచ్చు. లెక్కలు వద్దనుకుంటే హోంసైన్స్ తీసుకోవచ్చు. ఆ వెసులుబాటు చూస్తేనే నాకు ఒళ్లు మండేది.

దరఖాస్తుల రోజు ఒకామె తిన్నగా నా బల్ల దగ్గరికి వచ్చింది. పేరు రజియా. కంగ్టి దగ్గర ఊరు. అంగన్‌వాడీలో ఆయాగా పనిచేస్తోంది. భర్త జహీరాబాద్‌లో లారీల మీద ఉంటాడు. నమస్కారం కూడా పెట్టకుండానే అడిగింది.

"సార్, గీడ లెక్కలు లేకుండ పది పాసు కావచ్చంట గదా?"

పుండు మీద కారం చల్లినట్టయింది నాకు. కూర్చోబెట్టి సంగతంతా అడిగాను. వాళ్ల ఊరి అంగన్‌వాడీ టీచరు వచ్చే ఏడాది దిగిపోతోంది. పది పాసైతే ఆ కుర్చీ తనకు దక్కే అవకాశం ఉంది. లేకపోతే బయటి నుంచి ఎవరో వస్తారు, ఈమె మాత్రం ఎప్పటికీ గిన్నెలు కడుగుతూ ఉండిపోవాలి. మామూలు టెన్త్ గతంలో రాసింది. అన్నీ పాసై లెక్కల్లో తప్పింది. మళ్లీ కట్టింది, మళ్లీ తప్పింది. ఆ తర్వాత పెళ్లి, పిల్లలు, ఈ ఆయా పని.

నేను ఊరుకుంటానా! లెక్కలే తీసుకో, నేను చెప్తాగా, నా చేతిలో పడ్డవాళ్లు తప్పరు అన్నాను. గొప్పలు కాదు, నిజంగానే నాకంత ధీమా ఉండేది. ఆమె తల అడ్డంగా ఊపింది. నేను ఇంకా గట్టిగా చెప్పాను. లెక్కలు లేని సర్టిఫికెట్ చిల్లుపడ్డ బిందెలాంటిది అని కూడా అన్నాను. అప్పుడు ఆమె గొంతు పెరగలేదు కానీ చూపు మారింది.

"రెండు సార్లు తప్పిన సార్. రెండు సార్లూ ఊరంత సూసింది. గీసారి తప్పితే మార్కులు గాదు, నా నౌకరి పోతది. మీరిస్తరా నౌకరి?"

దరఖాస్తులో హోంసైన్స్ అని రాసి సంతకం పెట్టాను. పెట్టాను గానీ నాకు ఎంతమాత్రం నచ్చలేదు. ఆ సాయంత్రం ఇంటికెళ్లాక మా ఆవిడతో కూడా చిరాగ్గానే మాట్లాడాను.

ఇక్కడే ఒక చిన్న చిక్కు వచ్చిపడింది. హోంసైన్స్ క్లాసు పొద్దున్నే అయిపోయేది. కంగ్టి వైపు షేర్ ఆటోలు మనుషులు నిండితే గానీ కదలవు. ఆదివారం మధ్యాహ్నం దాకా నిండవు. అడ్డా దగ్గర ఎండలో నిలబడటం ఇష్టంలేక రజియా ఒకరోజు నా లెక్కల క్లాసులో వెనక బెంచీ మీద వచ్చి కూర్చుంది. నేను చూసీ చూడనట్టు ఊరుకున్నాను. లోపల మాత్రం, దొరికావమ్మా అనుకున్నాను.

మొదట్లో కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చునేది. కంది కోతలు మొదలయ్యాక క్లాసు పలచబడింది. ముందు బెంచీల్లో ఉన్నవాళ్లు పరీక్ష భయంతో తలలు వంచుకుని నేను రాసిందల్లా దించుకునేవారు. ఎవరూ ఏమీ అడిగేవారు కాదు. ఆ రోజు సమీకరణాలు చెబుతూ, తెలియని సంఖ్యను ఎక్స్ అనుకుందాం అన్నాను. వెనక నుంచి రజియా గొంతు వినిపించింది. తెలవదని మీరే అంటున్నరు, మళ్ల దానితోని లెక్కెట్ల చేస్తున్నరు అని అడిగింది.

అందరూ వెనక్కి తిరిగారు. ఇన్నేళ్ల నౌకరీలో ఆ ప్రశ్న నన్ను ఏ పిల్లవాడూ అడగలేదు. వాళ్లకు ఎక్స్ అంటే ఎక్స్, అంతే, మారు మాట్లాడకుండా రాసుకుంటారు. నేను బాగానే వివరించాను అనుకున్నాను. ఆమె ఒప్పుకోలేదు. మళ్లీ ఇంకో రకంగా చెప్పాను. ఊహూఁ. చివరికి తనే అంది.

"మా అంగన్‌వాడీ సెంటర్ల కడుపుతోని ఉన్నామెకు గుడ్డు ఇస్తం. లోపల ఉన్నది ఆడో మొగో తెల్వది, పేరు లేదు. అయినా ఆ బిడ్డను మనిషి లెక్కనే పట్టుకొని, ఇప్పటిసంది గుడ్డు ఇస్తం. గట్లనేనా సార్?"

గట్లనే తల్లీ, అచ్చం గట్లనే! నేను సుద్దముక్క పక్కన పెట్టి పెద్దగా నవ్వేశాను. ముందు బెంచీల వాళ్లు కూడా నవ్వారు, ఆ ఏడాది వాళ్లు నవ్వడం అదే మొదటిసారి. అప్పటి నుంచి ఎక్స్ చెప్పాల్సి వచ్చిన ప్రతి క్లాసులో నేను ఆ కడుపులో బిడ్డ సంగతే చెబుతున్నాను. సిగ్గులేకుండా నాదే అన్నట్టు చెప్పుకుంటాను కూడా.

ఆ తర్వాత ఆమెను ఆపడం నా తరం కాలేదు. ప్రతి ఆదివారం ఏదో ఒకటి అడిగేది. జవాబు తప్పు చెప్పేది, నవ్వేది, మళ్లీ చెప్పేది. ఒకరోజు ఆటో నిండిందని ఎవరో వచ్చి పిలిస్తే, జర ఆగుమనండి, గీ లెక్క అయినంక వస్త అని కబురు పంపింది. రెండు సార్లు తప్పినదానివి, ఇంత ధైర్యం ఎక్కడిది అని నేనొకసారి ఆటపట్టించాను. నాకు పరీక్ష లేదు గదా సార్, తప్పయితే నాకేం పోతది అంది. తను మామూలుగానే అంది గానీ ఆ మాట నాకు చాలా రోజులు నిద్రలో కూడా గుర్తొచ్చింది. లెక్కలు రాని మనిషి కాదు ఈమె, లెక్కల్లో తప్పితే ఏం పోతుందో తెలిసిన మనిషి అనిపించింది.

వేసవిలో పరీక్షలు జరిగాయి. ఫలితాలు వచ్చిన రోజు ఆమె కంటే నాకే ఎక్కువ పరేషాన్‌గా ఉంది. రజియా అన్నింటిలో పాసైంది. ఆ పోస్టుకు వాళ్ల ఊళ్లో పోటీ గట్టిగానే నడిచింది. ఓపెన్ పది కూడా ఒక పదేనా అని ఒకరిద్దరు అడ్డం పడ్డారట. సర్టిఫికెట్ చెల్లుతుందని ఆఫీసువాళ్లు తేల్చారు. వర్షాలు మొదలయ్యేసరికి ఆమె టీచరమ్మ కుర్చీలో కూర్చుంది. నాకు ఆ కబురు ఆటో డ్రైవర్ చెప్పాడు. నాకు నిజంగా సంతోషమేసింది. దాంతో ఈ కథ అయిపోయిందనే అనుకున్నాను.

కొత్త బ్యాచ్ మొదటి ఆదివారం క్లాసులోకి వెళ్తే, ముందు బెంచీలో రజియా. చేతిలో దరఖాస్తు. ఓపెన్ టెన్త్ పాసైనవాళ్లు కావాలంటే ఇంకో సబ్జెక్టు విడిగా రాసుకోవచ్చు. అందులో ఆమె గణితం అని రాసి తెచ్చింది. ఏందమ్మా, ఇవాళ కూడా ఆటో నిండలేదా అన్నాను.

"ఆటో కోసం గాదు సార్. గీసారి లెక్కల కోసమే వచ్చిన."

మళ్లీ తప్పితేనో అన్నాను, కావాలనే. తప్పితే తప్పుత, మళ్ల రాస్త, నా నౌకరి యాడికీ పోదు గదా అంది. సంతకం పెడుతుంటే నా కళ్లు చెమ్మగిల్లాయి, దాచుకోవడానికి కళ్లద్దాలు తుడుచుకున్నాను.

మార్కులు ఎన్ని అని అడగకండి, చెప్పను. పాసైంది. అది చాలు.

మా సోషల్ సారుతో వాదన మాత్రం ఆగలేదు. పదో తరగతికి లెక్కలు తప్పనిసరి ఉండాలా అని అడిగితే, ఉండాలనే అంటాను ఇప్పటికీ. కాకపోతే తప్పనిసరి అన్న మాట ఇప్పుడు నేను మా టీచర్లకు వాడతాను. చెప్పడం మాకు తప్పనిసరి కావాలి, తప్పినవాళ్ల కూడు లాక్కోవడం కాదు. ఆయన దాన్ని నేను ఓడిపోయినట్టు లెక్కేసుకుంటాడు, వేసుకోనివ్వండి. నా క్లాసులో వెనక బెంచీ ఒకటి ఇప్పటికీ ఖాళీగా ఉంచుతాను. పరీక్ష రాయనివాళ్లు ఎవరైనా వచ్చి కూర్చోవచ్చు.