తీసేసిన మొదటి లైను

మా వాట్సాప్ గ్రూపులో ఒక రూలుంది. ఎవరైనా ఒక స్క్రిప్టు పెడితే, అంటే రోజూ చేత్తో చేసే చాకిరీని కంప్యూటరే చేసిపెట్టేలా రాసుకున్న నాలుగు లైన్లు పెడితే, మిగతావాళ్ళు తీసుకోవచ్చు, మార్చుకోవచ్చు, ఆఫీసులో వాడుకోవచ్చు. ఎవర్నీ అడగక్కర్లేదు. కానీ పైన మొదటి లైన్లో రాసినవాళ్ళు ఏం రాసుకుంటే అది అలాగే ఉండాలి. దాని జోలికి వెళ్ళకూడదు. ఈ రూలు పెట్టింది నేనే.

మేం ఎనిమిదిమందిమి. నందిగామలో ఒక జిరాక్స్ షాపు మీద గది అద్దెకి తీసుకుని, ఇళ్ళల్లో కరెంటు పోయినా నెట్టు పోయినా అక్కడ చేరి పని చేసుకుంటాం. కంపెనీలు హైదరాబాదులో, మనుషులం ఇక్కడ. ఒకసారి నేను రాసి పెట్టిన పది లైన్లని మాలో ఒకడు తన ఆఫీసులో సొంతంగా రాసినట్టు చూపించుకున్నాడని తెలిసింది. నాకసలే కోపం ముక్కు మీద ఉంటుంది. ఇంక చూస్కోండి, "సిగ్గు లేదట్రా? వాడుకోవద్దన్నానా? నా పేరు పీకెయ్యడం దేనికి?" అని అందరి ముందూ కడిగేసా. వాడు సారీ చెప్పినా వదల్లా. రెండు రోజులు గదిలో నా గోలే గోల. ఆ రూలు అప్పుడు పుట్టింది.

ఆరోజు గదిలో జగ్గయ్యపేట అమ్మాయి కూడా ఉంది. తను నందిగామలో ఒక డిగ్రీ కాలేజీలో కంప్యూటర్ ల్యాబు చూస్తుంది. సాయంత్రం బస్సుకి టైముంటే మా గదికొచ్చి ఒక మూల కూర్చుని పని చేసుకునేది. కాంట్రాక్టు ఉద్యోగం, వచ్చే ఏడాది ఉంచుతారో లేదో చెప్పలేమని కాలేజీవాళ్ళు ముందే చెప్పేసారు. రెండేళ్ళుగా సాఫ్ట్‌వేర్ ఉద్యోగానికి తిరుగుతోంది. ఎక్కడికెళ్ళినా "ఎక్స్‌పీరియన్స్ ఏదమ్మా?" అన్న ప్రశ్నే. ఎవరూ ఇవ్వకపోతే ఎక్స్‌పీరియన్స్ ఎక్కణ్ణించి వస్తుందని గదిలో ఒకటే నవ్వుకునేవాళ్ళం. తను మాత్రం నవ్వేది కాదు.

కాలేజీలో తనకో తలనొప్పి ఉండేది. అడ్మిషన్ లిస్టులో పిల్లల ఇంటిపేరు ముందుంటుంది, పరీక్షల లిస్టులో వెనకుంటుంది, అటెండెన్సులో ఉత్త ఇనీషియలే. ఒకే పిల్ల మూడు లిస్టుల్లో ముగ్గురు మనుషులయ్యేది. వీళ్ళందర్నీ పోల్చి కలిపే స్క్రిప్టు ఒకటి రాసింది. అందులో తెలివైన సంగతి ఏమిటంటే, అనుమానం వస్తే కలిపెయ్యదు. పక్కన పెట్టి, "వీళ్ళిద్దరూ ఒకరేనా?" అని మనల్ని అడుగుతుంది. తన ల్యాబులో చెవిటికల్లు అనే ఊరి నుంచి ఒకే ఇంటిపేరు, ఒకే పేరు ఉన్న పిల్లలు ఇద్దరున్నార్ట. ఒకర్ని పొరపాటున ఇంకొకరిలో కలిపేస్తే ఒక పిల్ల పరీక్ష పోయినట్టే కదా అంది. పోయినేడాది దాన్ని గ్రూపులో పెట్టింది. పైన మొదటి లైను ఇదీ: "నందిగామ బస్టాండులో బస్సు కోసం చూస్తూ రాసింది. వాడుకోండి, ఈ లైను మాత్రం తీయకండి."

మా కంపెనీ స్కూళ్ళకి సాఫ్ట్‌వేర్ చేస్తుంది. మాకూ అదే తలనొప్పి. "వాడుకుంటున్నానమ్మా" అని చెప్పా. "దానికేం అన్నయ్యా, వాడుకోండి" అంది. రెండు రోజుల్లో మా వాటికి సరిపడా మార్చి కంపెనీలో పెట్టా. పెట్టేముందు మొదటి లైను తీసేసా.

ఎందుకు తీసావయ్యా అంటే, అప్పుడు నాకు నేను చెప్పుకున్న కారణం ఒకటుంది. లైను తెలుగులో ఉంది, బస్టాండని ఉంది, ఆఫీసులో నవ్వుతారు. సరే, ఆ లైను తీసి "ఫలానా అమ్మాయి రాసింది" అని ఇంగ్లీషులో రాయొచ్చుగా? రాయలా. మీటింగులో మా టీమ్ లీడ్ అందరి ముందూ నన్ను మెచ్చుకున్నాడు. అప్పుడైనా నోరు విప్పొచ్చుగా? "థాంక్యూ సార్" అన్నా. నిజం చెప్పొద్దూ, హాయిగా ఉంది. ఇంటికెళ్ళి మా ఆవిడక్కూడా చెప్పుకున్నా.

మొన్న వేసవిలో ఒక ఉదయం టీమ్ లీడ్ ఫోన్ చేసాడు. కొత్తవాళ్ళని తీసుకుంటున్నాం, సొంతంగా రాసిన ప్రోగ్రాము ఒకటి పంపమని అడిగాం అని చెప్పి, పగలబడి నవ్వాడు.

"నీ స్క్రిప్టు కొట్టేసి మనకే పంపింది ఒకమ్మాయి! జగ్గయ్యపేటట, మీ వైపే. పైన తెలుగులో 'ఈ లైను తీయకండి' అని జోకొకటి. ఏం ధైర్యమయ్యా! రిజెక్ట్ కొట్టేస్తున్నా. మధ్యాహ్నం మెయిల్ వెళ్ళిపోతుంది. ఇలాంటివాళ్ళని మళ్ళీ రానివ్వకూడదని హెచ్ఆర్‌కి కూడా రాస్తున్నా."

నేను "ఊఁ" అన్నా. అంతే అన్నా. ఫోన్ పెట్టేసా.

తను మా కంపెనీలో అప్లై చేసిందనే నాకు తెలీదు. నా చేత చెప్పించుకుని ఉద్యోగం తెచ్చుకోవడం ఇష్టం లేక చెప్పలేదని తర్వాత తెలిసింది. గదిలో మిగతావాళ్ళు టీలు తాగుతున్నారు. ఊరుకుంటే ఎవరికీ తెలీదు. తనకి ఇంకో రిజెక్ట్ మెయిల్ వస్తుంది, అలాంటివి తనకేం కొత్త కాదు. ఛీ, ఈ మాట కూడా అనుకున్నా. అనుకున్నా కాబట్టి రాస్తున్నా.

ఫోన్లో గ్రూపు వెనక్కి జరిపి తను ఆ స్క్రిప్టు పెట్టిన మెసేజ్ వెతికా. నేను కంపెనీలో పెట్టడానికి పన్నెండు రోజుల ముందు. దాని కింద నేను కొట్టిన చప్పట్ల బొమ్మ కూడా ఉంది. దాన్ని ఫోటో తీసి టీమ్ లీడ్‌కి పంపి, ఫోన్ చేసా.

"సార్, ఆ స్క్రిప్టు ఆ అమ్మాయిదే. కొట్టేసింది నేను."

"మరి అప్పుడే చెప్పొచ్చుగా?" అన్నాడు.

"చెప్పొచ్చు సార్. చెప్పలా."

మెయిల్ ఆపాడు. నాతో ఆ తర్వాత నెల రోజులు పనికి మించి ఒక్క మాట మాట్లాడలా. అది నాకు దక్కాల్సిందే.

సాయంత్రం బస్టాండుకెళ్ళా. తను జగ్గయ్యపేట బస్సు ఆగే చోట సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. జరిగింది మొత్తం చెప్పా, ఏదీ దాచలా. మధ్యలో ఆపకుండా వింది.

"ఆ లైను ఎందుకు తీసారన్నయ్యా?"

"తెలుగులో ఉంది కదమ్మా, నవ్వుతారని..."

"ఇంగ్లీషులో రాసుంటే ఉంచేవారా?"

బస్సొచ్చింది. తను ఎక్కి కిటికీ పక్కన కూర్చుంది, నా వైపు చూడలా. బస్సు హైవే ఎక్కేదాకా అక్కడే నిలబడ్డా.

తర్వాత రెండు ఇంటర్వ్యూలు అయ్యాయి. స్క్రిప్టులో ప్రతి లైనూ ఎందుకు రాసిందో విడమరిచి చెప్పిందట, చెవిటికల్లు పిల్లలతో సహా. ఉద్యోగం ఇచ్చారు. ఇప్పుడు జగ్గయ్యపేటలో ఇంటి నుంచే పని చేస్తుంది. గదికి రావడం మానేసింది. గ్రూపులో మాత్రం ఉంది, ఎవరైనా ఏదైనా అడిగితే ఇదివరకటిలాగే రాసి పెడుతుంది.

చేరిన మొదటి వారంలోనే ఆ స్క్రిప్టులో తను చేసిన ఒక మార్పు నాకు వచ్చింది. మా కంపెనీలో ఎవరు ఏ ఫైలు మార్చినా, దాన్ని మొదట పెట్టినవాళ్ళు చూసి ఓకే చెయ్యాలి. ఆ స్క్రిప్టు పెట్టింది నేను కాబట్టి నా దగ్గరికొచ్చింది. తెరిచా. పైన రెండు లైన్లు చేర్చింది, అంతే.

"నందిగామ బస్టాండులో బస్సు కోసం చూస్తూ రాసింది. వాడుకోండి, ఈ లైను మాత్రం తీయకండి."

"ఒకసారి తీసేశారు."

ఎవరు తీసారో రాయలా. నేను ఆరోజు గదిలో ఒకణ్ణి నిలబెట్టి ఎన్ని మాటలన్నానో తను మూలన కూర్చుని అన్నీ వింది. నన్ను మాత్రం ఈ రెండు ముక్కలతో వదిలేసింది. అవతల తను ఎదురుచూస్తుంటుంది కదా అని ఓకే నొక్కా.