కాఫీ అన్నం, నా నలభై దినాల మొక్కుబడి

తెల్లవారి వెలుగును, పొయ్యి మీద మరిగే నీళ్లను, వాటి వాసన పట్టే ముక్కును ఇచ్చిన దేవునికి స్తోత్రం. నా తప్పు రాసేముందు ఆయన మేలు రాయడం న్యాయం.

ఇక్కడ గల్ఫులో, అబూ హలీఫాలో మేము పనిచేసే ఇంట్లో వంట నాది. నా గదిలోనే ఉండే ఫిలిప్పీన్స్ అమ్మాయి పిల్లల్ని చూస్తుంది. నన్ను ఆతే అంటుంది. వాళ్ల భాషలో అక్క. నేను చెల్లీ అంటాను. మాకొచ్చిన అరబ్బీ, ఇంగ్లీషు ముక్కలతోనే మా కబుర్లన్నీ. ఆమెది బతంగాస్. ఊరినుంచి ఎవరొచ్చినా వాళ్లమ్మ బరాకో కాఫీ పొడి పంపుతుంది. దానికి ఫిల్టర్ అక్కర్లేదు. గిన్నెలో నీళ్లు మరిగించి, పొడి, బెల్లం వేసి, మడ్డి అడుక్కి దిగాక పైతేట వంచుకుంటారు. ఘాటుకి నిద్ర దానంతటదే లేచిపోతుంది.

ఈస్టర్‌కి ముందొచ్చే శ్రమకాలం మొదట్లో, శుక్రవారం ప్రార్థన కూటంలో లేచి, నలభై దినాలు కాఫీ తాగనని మొక్కుకున్నాను. ఊళ్లో నా కూతురివి నర్సింగ్ చివరి పరీక్షలు, అందుకని. అక్కడితో కూర్చుంటే బాగుండేది. టీ మానలేనన్న నర్సమ్మ అనే తోటి విశ్వాసితో, "గ్లాసుడు టీ వదల్లేవు, పరలోకానికి ఏం నడుస్తావమ్మా" అని అందరి ముందూ అన్నాను.

ఇరవైమూడో రోజు పొద్దున్నే చెల్లి వేడన్నంలో కాఫీ పోసుకుని, ఎండుచేప నంజుకుంటోంది.

"అన్నంలో కాఫీ ఏంటే, చారనుకున్నావా?"

"మా ఊళ్లో ఇంతే ఆతే. పొలం వెళ్లేముందు మా తాత రోజూ ఇదే. తిను."

"మొక్కుబడే. తాగకూడదు."

"తాగొద్దు. గ్లాసేది ఇక్కడ? పళ్లెం. తిను."

హవ్వతో పాము ఎలా మాట్లాడిందో ఏళ్లపాటు సండే స్కూలు పిల్లలకు చెప్పినదాన్ని. ఆ పూట నాకు ఎండుచేప తప్ప పాము కనిపించలేదు. వారమంతా తిన్నాను. మేము మామా అని పిలిచే ఇంటి యజమానురాలు వంటగదిలోకి తొంగిచూసి, "మీ ఇద్దరికీ బుర్ర ఖలాస్" అని వెళ్లిపోయింది.

శుక్రవారం నర్సమ్మ మెల్లగా అడిగింది. "అక్కా, మొక్కుబడి ఎలా సాగుతుందండీ?"

కూతురి ముఖం గుర్తొచ్చింది. లేచి నిలబడ్డాను. "తాగలేదు. తిన్నాను," అని జరిగిందంతా చెప్పాను.

కూటమంతా నవ్వు. పాస్టరుగారు మాత్రం నవ్వలేదు.

"ఎన్ని పళ్లేలు తల్లీ?"

"రోజుకొకటి అయ్యగారూ. మంగళవారం రెండు."

"కాఫీకి పిల్ల మార్కులు కోసే దేవుడు కాడమ్మా మన దేవుడు. కానీ మాటిచ్చింది నువ్వు. మళ్లీ ఒకటో రోజునుంచి మొదలుపెట్టు. ఈ సిస్టర్ కనిపెట్టుకుని ఉంటుంది," అని నర్సమ్మను చూపించారు.

ఇక రోజూ పొద్దున్నే ఫోను. "అక్కా, పళ్లెంలో ఏముందండీ?"

ఈస్టర్ వెళ్లిపోయింది. అందరూ కాఫీలు తాగుతున్నారు, నాకు మాత్రం శ్రమకాలం నడుస్తోంది. ఇంకా తొమ్మిది రోజులు. కూతురి ఆఖరి పరీక్ష సోమవారం. నిన్న బతంగాస్ నుంచి కొత్త కాఫీ పొట్లం వచ్చింది.

అందుకని, చదివే మీరు నాతోపాటు ఒక్క నిమిషం తల వంచండి. నా బిడ్డకు చదివిన ప్రశ్నలే రావాలనీ, ఈ తొమ్మిది పొద్దులూ చెల్లి మనసు బ్రెడ్డు మీదికి మళ్లాలనీ ప్రార్థించండి. ఆమేన్.