కాటా మామయ్య తూగుడుబల్ల

మా పెద్ద మామయ్యకి మనుషుల్ని చూస్తే పేరు గుర్తురాదు, బరువు గుర్తొస్తుంది. గుర్తొచ్చి ఊరుకుంటే బాగుండును. పైకి అంటాడు. పోస్ట్‌మాన్ గేటు దగ్గర సైకిలు ఆపగానే, "రావయ్యా అరవై మూడూ! ఉత్తరాల సంచీతో డెబ్భై!" అంటాడు.

తప్పు ఆయనది కాదు, ఉద్యోగానిది. ముప్పై ఎనిమిదేళ్ళు కలప డిపోలో లారీలు తూచే కాటా గదిలో కూర్చున్నాడు. డ్రైవరు దిగకుండా లారీ తూయించాలని చూస్తే, కాటా వైపు తలైనా తిప్పకుండా కిటికీలోంచి అరిచేవాడట, "ముందు నువ్వు దిగవోయ్, డెబ్భై రెండున్నర!" అని. అందరూ ఆయన్ని కాటా మామయ్య అనేవాళ్ళు. ఆయన అదేదో బిరుదులా మురిసిపోయేవాడు.

"మొదటిసారి నన్ను చూసినప్పుడు ఏమన్నారో తెలుసా?" అని మా అత్తయ్య ఇప్పటికీ చెప్పుకుని నవ్వుతుంది. "నలభై తొమ్మిది అన్నారు. అంతే. ఇంకో మాట లేదు. నా పుట్టినరోజుకి కూడా చీర తేరు, కొత్త అంకె చెప్తారు."

ఒకసారి జ్వరమొచ్చి డాక్టరు దగ్గరికి వెళ్ళాడు. నాలిక చాపమంటే చాపలేదు. "డాక్టరుగారూ, తమరు ఎనభై ఆరున్నర. మెట్లెక్కండి, లిఫ్టు మానండి" అన్నాడు. డాక్టరుకి ఒళ్ళు మండి, తన మిషనెక్కి చూపించాడు. ఎనభై ఆరు. మామయ్య మంచం మీంచి లేవకుండానే, "మిషను బాగుచేయించండి" అన్నాడు. చేయించి చూస్తే నిజంగానే అరకిలో తక్కువ చూపిస్తోందట! ఆ డాక్టరు మళ్ళీ మా ఇంటి వీధిలో కనబడితే ఒట్టు.

డిపోలో కొత్త కంప్యూటరు కాటా పెట్టిన రోజునే మామయ్యా రిటైరయ్యాడు. పాత కాటా ఇనుప దూలాన్ని పారేస్తుంటే తోపుడుబండి మీద ఇంటికి తెచ్చుకున్నాడు.

"దీన్ని ఎక్కడ పెడతారండీ, నా నెత్తిమీదా?" అంది అత్తయ్య.

"నీ నెత్తి మోయలేదు. ఇది నలభై ఒక్క కిలోలు" అన్నాడు.

మా కాలనీ ఆటస్థలంలో తూగుడుబల్ల పుట్టింది అలాగే. నేలలో రెండు కమ్మీలు పాతి, మధ్యలో ఈ దూలం పెట్టి, చివర్ల రెండు చెక్కపలకలు బిగించాడు. ఆయన కదా, ఊరికే వదిలేస్తాడా? దూలానికి నడుమ వరసగా బెజ్జాలు తొలిచాడు. బెజ్జం మార్చి సీల దిగ్గొడితే దూలం అటో ఇటో జరుగుతుంది. బరువైన పిల్లల వైపు పొట్టి, తేలికైన పిల్లల వైపు పొడుగు. ఎవరెక్కినా సరిసమానం. కాకపోతే ఒక రూలు. ఎక్కేముందు మామయ్య ముందు నిలబడాలి.

"ఇరవై ఆరు! ముప్పై ఒకటి! మూడో బెజ్జం!" అని కాలనీ మొత్తం వినబడేలా కేకేసేవాడు. పిల్లలకి అదే సగం ఆట.

నాకు మాత్రం ప్రాణం పోయేది. అప్పుడు నాకు పదేళ్ళు. క్లాసులో అందరికంటే లావు. స్కూల్లో కూడా తూగుడుబల్ల ఉండేది కానీ, నేనెక్కితే అవతలివాళ్ళు గాల్లో, నేను నేలమీద. గంట కొట్టేదాకా అంతే. పుట్టి బుద్ధెరిగాక ఒక్కసారి కూడా పైకి లేచిన పాపాన పోలేదు. ఒక్కసారి లేవాలని ఎంత ఆశో! కానీ లేవాలంటే మామయ్య నా అంకె అరవాలి. అరిస్తే మర్నాటి నుంచి నాకదే పేరు. అందుకని నెలరోజులు నీళ్ళ ట్యాంకు వెనక నిలబడి, ఊగేవాళ్ళని చూస్తూ గోళ్ళు కొరుక్కున్నాను.

ఒక ఆదివారం పొద్దున మామయ్య నా రెక్క పట్టుకుని లాక్కొచ్చాడు. "ఏమే, ఎన్నాళ్ళు దాక్కుంటావు? రా ఇలా."

పిల్లలంతా చుట్టూ మూగారు. నా అంకె కోసం అందరికీ చెవులు దురదే. నాకు కళ్ళనిండా నీళ్ళు. మామయ్య నన్ను తల నుంచి పాదాల దాకా చూశాడు. నోరు తెరిచాడు. మళ్ళీ మూశాడు. కళ్ళు నులుముకున్నాడు.

"ఇదేంటర్రా, అంకె రావట్లేదు!"

"రాకపోవడమేంటి మామయ్యా?"

"ఏమో! మసక మసగ్గా ఉంది. కన్నుకి ఏదో అయింది."

"మరి ఏ బెజ్జం?"

"ఏదో ఒకటి. గుడ్డిగా పెడతాను" అంటూ సీల పీకి, అన్నిటికంటే చివరి బెజ్జంలో దిగ్గొట్టాడు. మిగతా బెజ్జాలకి రంగుంది. దీని అంచు మాత్రం అప్పుడే తొలిచినట్టు తళతళలాడుతోంది. ఆ వయసులో అది నాకు తట్టలేదు. అవతల మా క్లాసులో అందరికంటే బక్కపిల్లని కూర్చోబెట్టాడు.

నా కాళ్ళు నేలని వదిలాయి! అమ్మో, ఆ సంతోషం ఏమని చెప్పను! ప్రహరీగోడ అవతల బేకరీ రేకుల మీద ఎవరో ఆరేసిన మేజోళ్ళు కూడా కనబడ్డాయి. చీకటి పడేదాకా దిగలేదు.

కాటా మామయ్యకి చూపు పోయిందన్న వార్త సాయంత్రానికి కాలనీ అంతా పాకింది. వీధి మొహం చూడని డాక్టరు సంబరంగా పరామర్శకొచ్చాడు. "తూకం ఎలా ఉందండీ?" అని అడిగి మరీ కాఫీ తాగాడు. ముప్పై ఎనిమిదేళ్ళ పరువు! మామయ్య తల వంచుకుని కూర్చున్నాడు. అత్తయ్య వారంలోగా కళ్ళజోడు పెట్టించింది. జోడు పెట్టుకున్నాక అంకెలన్నీ వచ్చేశాయి, నాది తప్ప. నేను కనబడితే చాలు, జోడు తీసి తుడుస్తూ, "నీ దగ్గరకొచ్చేసరికే మసకేస్తుందే" అనేవాడు.

పదకొండేళ్ళు గడిచాయి. తూగుడుబల్లకి పలకలు మూడుసార్లు మారాయి, రంగు ఆకుపచ్చ నుంచి పసుపుకొచ్చింది. ఒకరోజు మామయ్య ఇంట్లో కూర్చుని పేపరు తిరగేస్తూ, సరదాకి ఆయన జోడు పెట్టుకున్నాను. అక్షరాలు చెక్కుచెదరలేదు. తీసి చూశాను, పెట్టి చూశాను.

"మామయ్యా! ఇవి ఉత్త గాజు పలకలు!"

"మెల్లగా! మీ అత్తయ్య వింటుంది."

"అంటే ఆ రోజు నా బరువు నీకు తెలుసా?"

"తెలియకుండానే బెజ్జం తొలిచానా?"

"నా కోసం ఇన్నాళ్ళూ గుడ్డివాడివన్న పేరు మోశావా మామయ్యా?"

"మోయడానికి అదెంత, ముప్పై గ్రాముల కళ్ళజోడు" అన్నాడు.

నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. లేచి ఆయనెదురుగా నిటారుగా నిలబడ్డాను. "ఇప్పుడు చెప్పు."

"వద్దులేవే."

"చెప్పు మామయ్యా. గట్టిగా."

తల నుంచి పాదాల దాకా చూశాడు. పదకొండేళ్ళుగా నా అంకె కోసం దాచుకున్న గొంతంతా ఒక్కసారి వదిలాడు.

"అరవై ఎనిమిదీ!"

వంటింట్లోంచి అత్తయ్య కేకేసింది. "ఎవరండీ ఆ అరవై ఎనిమిది?"

"నేనే అత్తయ్యా!" అని అంతకంటే గట్టిగా అరిచాను.