శివనాగరాజు చేసిన కోరలు

అమలాపురంలో కట్టుడు పళ్లు చక్కగా కుదిరితే అది డాక్టరుగారి హస్తవాసి. కుదరకపోతే ల్యాబువాడి తప్పు. ఆ ల్యాబువాడు శివనాగరాజు. ఇరవై ఆరేళ్లుగా డాక్టర్లు పంపే అచ్చులు చూసి పళ్లు చేస్తున్నాడు. పనిలో తృప్తి ఉంటే పేరెందుకు అనే మాట ఎవరో బాగా పేరున్నవాళ్లే పుట్టించి ఉంటారు. శివనాగరాజుకి పేరు కావాలి. తను చేసిన సెట్టు నోట్లోంచి ఊడదని నలుగురికీ తెలియాలి. సీతారత్నం టీచరుగారిలా ఆయన్నే పేరు పెట్టి అడిగేవాళ్లు ఊరు మొత్తమ్మీద పదిమంది ఉంటే గొప్ప.

మూడేళ్ల కిందట ముక్తేశ్వరం కొబ్బరితోటల్లో రక్తపిశాచాల సినిమా తీశారు. అందులో అసిస్టెంటు డైరెక్టరు నాగసతీష్, శివనాగరాజు భార్య లీలావతికి స్వయానా తమ్ముడు. "బావగారూ, హైదరాబాదు కోరలు డైలాగు చెప్పగానే జారిపోతున్నాయండీ" అంటూ పరుగెత్తుకొచ్చాడు. శివనాగరాజు నటుల నోళ్లకి అచ్చులు తీసి కొత్తవి చేశాడు. హీరోయిన్ వాటితో కెవ్వున అరిచింది, పీకలు కొరికింది, మర్చిపోయి మామిడికాయ ముక్క కూడా నమిలేసింది. కోర కదల్లేదు. చివర్లో వంటవాళ్ల పేర్లు సైతం పడ్డాయి, ఆయనది పడలేదు.

నిరుడు సతీష్ మళ్లీ వచ్చాడు. "ఆ సినిమానే కామెడీ చేసి టీవీకి తీస్తున్నానండీ. నేనే డైరెక్టర్ని. ఈసారి మీ పేరు విడిగా వేస్తాను, అక్క మీద ఒట్టు." ఆ మాట మీద శివనాగరాజు మళ్లీ కోరలు చేసిచ్చాడు.

మొదటి ఎపిసోడు చూడ్డానికి శివనాగరాజు టీచరుగారిని కూడా ఇంటికి పిలిచాడు. కొత్తపేటలో అద్దెకి దిగిన పిశాచం ఇంటి ఓనరు పీక కొరకబోయింది. కోర ఊడి పులుసు గిన్నెలో పడింది. అందరూ పడీపడీ నవ్వారు. తర్వాతి వారం పూతరేకులో ఇరుక్కుంది. వారానికోసారి ఊడటమే ఆ కామెడీకి ప్రాణం. ప్రతి ఎపిసోడు ఆఖర్నా పెద్ద అక్షరాలు: "కోరలు: శివనాగరాజు, అమలాపురం."

"నేను చేసినవి ఊడవురా సతీషూ!" అన్నాడు ఫోన్లో.

"ఆయ్, ఊడలేదండీ. పట్టు కోసం మీరు పెట్టిన అంచంతా ఆకురాయితో అరగదీయించేను. రెండ్రోజులు పట్టిందండీ బాబూ!" మెచ్చుకుంటున్నట్టే చెప్పాడు.

"ముందే అనుకున్నావా ఇదంతా?"

"స్క్రిప్టులో ఉందండీ. చెబితే మీరు చేసేవారా?"

లీలావతి, "వాడు సరదాకి చేసేడండీ" అంది.

"సరదాకే నా నోట్లో మన్ను కొట్టేడు" అన్నాడు. ఆ పూట అన్నం తినలేదు.

మందుల షాపు గంగయ్యది రోజూ ఒకటే పలకరింపు: "పులుసులో దొరికేయాండీ శివగారూ?" నవ్వి ఊరుకోవచ్చు. కానీ కొత్త సెట్టుకి అచ్చు ఇచ్చిన సీతారత్నం టీచరుగారు స్వయంగా వచ్చి, "ఏమీ అనుకోకండేం. మావాళ్లు రామచంద్రపురంలో చూపిస్తామంటున్నారు" అంది. పదకొండేళ్లుగా ఆయన చేసిన పళ్లతో జంతికలు నమిలిన మనిషి, ఆ పళ్లతోనే ఆ మాట చెప్పింది.

అప్పుడే సతీష్‌కి ఫోన్ చేశాడు. "నా పేరు తీసెయ్."

బతిమాలతాడేమో, కనీసం కారణం అడుగుతాడేమో అనుకున్నాడు. "అలాగేనండీ" అన్నాడు వాడు. తొమ్మిదో ఎపిసోడులో పేరు లేదు. కోర మాత్రం ఎప్పటిలాగే ఊడింది.

మర్నాడు గంగయ్య షాపు దిగి రోడ్డు దాటి మరీ వచ్చాడు. ఈసారి మొహంలో నవ్వు లేదు, జాలి ఉంది.

"పేరు తీసేసేరేంటండీ? పళ్లు నిలబడట్లేదని పని వేరేవాళ్లకి ఇచ్చేసేరా?"

"నేనే తీయించుకున్నానండీ" అన్నాడు శివనాగరాజు.

"ఆయ్" అన్నాడు గంగయ్య, ఎంతో మర్యాదగా.