ఈశాన్యంలో రెండో మెట్లు

కర్నూలు రాజధాని అయిన కొత్తలో ఊళ్ళో తల దాచుకోవడానికి చోటు లేదు. గుమాస్తాలు డేరాల్లో కాపురం పెట్టారు. ఎద్దుల కొట్టాన్ని కడిగి, సున్నం కొట్టి, ఉద్యోగులకు అద్దెకిచ్చిన మహానుభావులున్నారు. డబ్బున్న ప్రతివాడూ మిద్దె మీద మిద్దె లేపుదామని బయలుదేరాడు. కట్టే ముందు మా ఆఫీసుకు దరఖాస్తు పెట్టుకోవాలి. వాళ్ళు తెచ్చే ప్లాన్లను శుభ్రంగా గీసి, నిబంధనల ప్రకారమే ఉన్నాయని సంతకం పెట్టడం నా పని. నా పైన ఆఫీసరు సంతకం.

ఆ నిబంధనల్లో ఒకటుంది. పైన కాపురాలుంటే, నిప్పంటుకున్నప్పుడు దిగడానికి రెండో మెట్లు ఉండాలి.

కమలాపురం వైపు ఆసామి ఒకడు దరఖాస్తుతో వచ్చాడు. పొలాలు, పత్తి వ్యాపారం, వేళ్ళ నిండా ఉంగరాలు. అతని స్థలంలో రెండో మెట్లకు ఈశాన్యం మూల తప్ప చోటు లేదు.

"ఈశాన్యంలో మెట్లా? వంశం నిలబడదప్పా. నువ్వు కాగితం మింద గీయి, సాలు" అన్నాడు.

పైన ఉన్నవాళ్ళు కాలిపోయినా ఫరవాలేదు, వీడి వంశం నిలబడాలి! ఆ వంశం లోకానికి చేసిన మేలేమిటో నాకిప్పటికీ తెలియదు. కానీ ఆసామి ఇంకో మాట కూడా అన్నాడు. "పైన రెండు గదులు నీకేలే." అప్పటికి నేను, నా భార్య, ఎనిమిది నెలల పాప ఒక సత్రం వసారాలో పడుకుంటున్నాం. గీశాను. పదిహేను మెట్లు, స్కేలు పెట్టి, నల్ల సిరాతో ముచ్చటగా గీశాను.

ఇల్లు పూర్తయ్యాక తనిఖీకి ఆఫీసరు వచ్చాడు. ఆ పూటకు ఆసామి ఈశాన్యం మూల గోడకు వెదురు నిచ్చెన ఆనించి పెట్టాడు. పాపం, ఆ శ్రమ కూడా దండగే. ఆఫీసరు దృష్టంతా లోపల ఉడుకుతున్న కోడికూర మీదే ఉంది. తిని, చెయ్యి కడుక్కుని, 'రెండు మెట్ల దారులు ఉన్నవి' అని రాసి వెళ్ళాడు. మర్నాటికి నిచ్చెన పోయి అక్కడ తులసికోట వెలిసింది.

కాపురానికి వచ్చిన రోజే నా భార్య ఇల్లంతా చూసింది. ఆమెది ఆదోని వైపు పల్లె, చదువు లేదు.

"ఉండేది ఈ చెక్క మెట్లొకటే. దాని కిందనేమో పత్తి బోరాలు ఏసినాడు. అంటుకుంటే యాడికి పోవల్ల?" అంది.

"శానా తెలుసులే నీకు" అని కసిరాను. నిబంధనలు తెలిసినవాణ్ణి కదా!

ఎండాకాలం ఒక మధ్యాహ్నం, నేను ఆఫీసులో ఉండగా, ఆ బోరాలు అంటుకున్నాయి. ఎవడో పారేసిన బీడీ అన్నారు. ముందు మెట్లే కాలిపోయాయి. నా భార్య పాపను ఎత్తుకుని పిట్టగోడ దగ్గర నిలబడి అరిచిందట. ఇరుకు సందుకు అవతల, అంతే ఎత్తు మిద్దె మీద, సాయిబుల ఇంటి పెద్దామె మిరపకాయలు ఎండబెడుతోంది. ఆమె తన నులకమంచం లాగి, ఆ గోడకూ ఈ గోడకూ అడ్డంగా తోసింది.

"ముందర పిల్లను ఈయమ్మా! కింద చూడాకు!"

నేను పరుగెత్తుకుంటూ వచ్చేసరికి నా భార్య ఆ ఇంట్లో గోడకానుకుని కూర్చునుంది. మోకాళ్ళు నులక గీసుకుని రక్తం కారుతున్నాయి. పాప నిద్రపోతోంది.

ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పడిగినట్టు, రెండు రోజులకు ఆఫీసరు రిపోర్టు పట్టుకుని, మేం తలదాచుకున్న సాయిబుల ఇంటికే వచ్చాడు. ముందే రాసుకొచ్చాడు: 'రెండవ మెట్లు ఉన్నందున కాపురమున్నవారు క్షేమముగా దిగినారు.'

"ప్లాను గీసింది నువ్వే కదా?" అని నా వైపు చూశాడు.

ఉద్యోగం పోతుందన్న భయంతో సంతకం పెట్టాను.

కాగితం నా భార్య ముందుకు జరిపి వేలిముద్ర వేయమన్నాడు. ఏం రాశారని ఆమె అడిగితే చదివి వినిపించాడు.

"నేను మెట్లు దిగలేదు సామీ. మంచం మింద పాకినా. మంచమని రాయండి, ఏస్తా ఏలిముద్ర" అంది.

"ప్లానులో మంచం లేదమ్మా."

"మెట్లు మాత్రం యాడుండాయి?" ఆ మాట అడిగింది ఆఫీసరునే గానీ, చూసింది నన్ను.

ఆఫీసరు సిరా డబ్బీ మూత బిగించాడు. "మొగుడి సంతకం ఉందిగా, చాల్లే" అని లేచాడు.

నిజంగానే చాలింది. ఆమెను మళ్ళీ ఎవరూ అడగలేదు.