కెన్యా జెండాలో నలుపు

మా నాచారం ఇంట్లో పైగదిలో అద్దెకుండి తెలుగు కూడా నేర్చుకున్న కెన్యా అమ్మాయి ఆ శుక్రవారం పొద్దున్నే రంగుల బట్టముక్కలు తెచ్చి నా కుట్టుమిషన్ మీద పెట్టింది. ఆ సాయంత్రం హబ్సిగూడలో, ఇక్కడ చదువుకునే వాళ్ళ దేశపు పిల్లలంతా కలిసి స్వతంత్ర దినం చేసుకుంటారట. జెండా పట్టుకుని ముందు నడిచేది ఈమే. ఫోన్‌లో బొమ్మ చూపించింది: పైన నలుపు, మధ్యలో ఎరుపు, కింద ఆకుపచ్చ, వాటి మధ్య సన్నని తెల్లగీతలు, నట్టనడుమ డాలు, ఈటెలు.

బొమ్మ మా అత్తమ్మ కూడా చూసింది.

"శుక్రవారం పూట, కడుపుతోటున్న పిల్ల ఇంట్లుండంగ, మీద నలుపేందే? కిందికెయ్."

పురిటికొచ్చిన నా బిడ్డ లోపల పడుకుని ఉంది. నాకూ భయమేసింది. రంగులన్నీ ఉంటే చాలు కదా అనుకుని పచ్చను పైకి, నలుపును కిందికి వేసి కుట్టేశాను.

సాయంత్రం ఆ అమ్మాయి తయారై దిగొచ్చింది. జెండా చూసి మెట్టు మీద కూలబడిపోయింది.

"ఆంటీ, ఉల్టా అయింది. అందరూ నవ్వుతారు."

గేటు ముందు ఆటో వచ్చి ఆగింది.

మంచం మీది నుంచి అత్తమ్మ అడిగింది. "నలుపంటే ఏంది బిడ్డా మీకు?"

"మేమే అవ్వా. మా మనుషులు. ఎరుపు, తెల్లోళ్ళతో కొట్లాడి కార్చిన రక్తం. ముందు మూడు రంగులే ఉండేవి. స్వతంత్రం వచ్చినప్పుడు శాంతి కోసమని నడుమ తెల్లగీతలు కలిపారు."

"మరి పచ్చ?"

"మా భూమి."

అత్తమ్మ నెత్తి కొట్టుకుంది.

"అయ్యో! మనుషుల మీద మన్ను పోసినట్టయింది కదనే! ఇప్పు, జల్ది ఇప్పు!"

బ్లేడు పట్టుకుని, బట్ట చిరగకుండా డాలు, ఈటెల కుట్లు ఒక్కొక్కటే తెంపాను. బయట ఆటో హారన్.

"అమ్మా, వస్తరా, క్యాన్సిల్ చెయ్యమంటరా?"

"జర ఆగు నాయినా, దేశం కుడుతున్నం!" అని అరిచింది అత్తమ్మ.

బట్టను తలకిందులుగా తిప్పి, డాలును మళ్ళీ నిలబెట్టి, ఈటెల మొనలు పైకి వచ్చేటట్టు కుట్టాను. ఆ అమ్మాయి దాన్ని మడతపెట్టుకుని పరుగెత్తింది. ఆటో మలుపు తిరిగాక, చివర ముడి వేశానో లేదో గుర్తుకు రాలేదు. డాలు అందరి ముందూ ఊడిపడితే? కుక్కర్ మూడుసార్లు కూసినా పొయ్యి కట్టేయాలని తోచలేదు.

చీకటి పడ్డాక ఫోన్‌లో ఫోటో వచ్చింది. రాత్రిపూట అత్తమ్మకు చూపు ఆనదు.

"మనుషులు మీదున్నరా?" అని అడిగింది.

"ఉన్నరు అత్తమ్మా."

"డాలు?"

"ఉంది."

"ఇగ అన్నం పెట్టు."